తోలుసంచి చెప్పే చరిత్ర: పాత హ్యాండ్‌బ్యాగుల సంరక్షణ

జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరాలో ఒక తెలుగు కుటుంబం ఇల్లు మారుతోందనుకుందాం. అటక మీది రేకుపెట్టె కిందికి దించారు. పట్టుచీరల అడుగున నాయనమ్మగారి తోలు హ్యాండ్‌బ్యాగు కనిపించింది. మూత మీద పూల తీగ అచ్చు, అంచుల చుట్టూ సన్నని తోలుదారంతో అల్లిక, ఒక పక్క తెగిన పిడి. దాన్ని చేతిలోకి తీసుకోగానే వేళ్లకు ఇటుకపొడిలాంటి ఎర్రని పొడి అంటింది. "కాస్త కొబ్బరినూనె రాసి ఎండలో పెట్టండి, మెత్తబడుతుంది" అన్నారు పక్కింటివారు. మంచి మనసుతో ఇచ్చిన సలహా అది. కానీ ఆ సలహా పాటిస్తే ఆ సంచి ఇక దక్కకపోవచ్చు.

ఎందుకు దక్కదు? ఆ ఎర్రపొడి ఏమిటి? అసలు ఆ తోలు ఎక్కడిది, ఎవరు తయారుచేశారు? ఈ పాఠంలో మనం ఈ ప్రశ్నలకు సమాధానాలు వెతుకుదాం. మీ ఇంట్లో ఉన్న సంచి కావచ్చు, పాత సామాను దుకాణంలో మీరు కొన్నది కావచ్చు. దాన్ని బాగుచేయాలంటే ముందు దాని చరిత్ర తెలియాలి. చరిత్ర తెలియకుండా చేసే మరమ్మతు, రోగం తెలియకుండా చేసే వైద్యం లాంటిది.

ఉక్కు ఊరికి చేరిన సంచి

1907లో టాటా ఇనుము ఉక్కు కంపెనీ ఏర్పడింది. సాక్చి అనే పల్లె దగ్గర కర్మాగారం కట్టారు. 1912లో అక్కడ తొలి ఉక్కు తయారైంది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. కాలిమాటి రైల్వేస్టేషన్ టాటానగర్ అయింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతాన్ని ఒక వైపు కలకత్తాతోను, మరో వైపు మన ఉత్తర కోస్తాతోను కలిపింది. ఆ రైలుమార్గం వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌కు, జంషెడ్‌పూర్‌కు పనికోసం తరలివెళ్లాయి. నగరానికి తూర్పు వైపు క్వార్టర్లతో విస్తరించిన పేటల్లో సిద్ధగోరా ఒకటి.

జంషెడ్‌పూర్‌కు కలకత్తా కొన్ని గంటల రైలు ప్రయాణం. అక్కడికి వెళ్లినవారు బంధువులకు కానుకగా తెచ్చే వస్తువుల్లో శాంతినికేతన్ తోలుసంచి ఒకటి. 1922లో రవీంద్రనాథ్ ఠాగూర్ శ్రీనికేతన్‌ను స్థాపించారు. గ్రామీణ చేతిపనులను నిలబెట్టడం ఆ సంస్థ ఆశయాల్లో ఒకటి. ఆయన కుమారుడు రథీంద్రనాథ్, కోడలు ప్రతిమాదేవి అక్కడ తోలుపనికి కొత్త రూపం ఇచ్చారు. తోలు మీద అచ్చుగుద్ది, బాతిక్ పద్ధతిలో రంగులు అద్ది, అంచులను తోలుదారంతో అల్లడం ఈ పని ప్రత్యేకత. మన కథలోని నాయనమ్మగారి సంచి ఈ జాతికి చెందినదే.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఆ సంచికి అందం బెంగాల్లో వచ్చింది. కాని దానికి వాడిన తోలులో ముఖ్యమైనది ఈ.ఐ. తోలు, అంటే ఈస్టిండియా తోలు. మేక, గొర్రె చర్మాలను చెట్లనుంచి వచ్చే పదార్థాలతో పదునుచేసి తయారుచేసే ఈ సరుకు దక్షిణాదిది, పాత మద్రాసు రాజధానిలో పుట్టినది. అంటే సిద్ధగోరాలోని తెలుగు కుటుంబంలాగే ఆ తోలు కూడా దక్షిణాదినుంచి ఉత్తరానికి ప్రయాణం చేసింది.

చర్మం తోలుగా మారే విధం

పచ్చి చర్మం తడిగా ఉంటే కుళ్లుతుంది, ఎండితే కట్టెలా బిగుసుకుంటుంది. చర్మంలో కొలాజెన్ అనే మాంసకృత్తు పోగులు వలలాగా అల్లుకుని ఉంటాయి. ఆ పోగుల మధ్యకు టానిన్ అనే వగరు పదార్థం చేరి వాటిని పట్టి ఉంచితే చర్మం కుళ్లదు, వంచితే విరగదు. అప్పుడే అది తోలు అవుతుంది. పచ్చి కరక్కాయ కొరికితే నాలుక పిడచగట్టినట్లవుతుంది కదా! అక్కడ పనిచేసేదీ టానినే.

మన పల్లెల్లో ఈ పని లందల్లో జరిగేది. చర్మాన్ని సున్నపునీళ్లలో నానబెట్టి వెంట్రుకలు తీసేవారు. గీకి, కడిగి, తంగేడు చెక్క లేదా తుమ్మ చెక్క దంచి ఊరబెట్టిన నీళ్లలో రోజుల తరబడి ఉంచేవారు. కరక్కాయ నీళ్లతో ముగించి, నూనె పట్టించి, నీడన ఆరబెట్టేవారు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వును, తెలంగాణ రాష్ట్రపుష్పాన్ని, మీరు ఎరుగుదురు. ఆ పొద బెరడే దక్షిణ భారత తోలు వ్యాపారానికి చాలాకాలం ఆధారం. ఇరవయ్యో శతాబ్దంలో దక్షిణాఫ్రికానుంచి వచ్చిన వాటిల్ చెట్టు బెరడు, దాని సారం తంగేడు స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి.

ఈ విజ్ఞానం ఎవరిది? తరతరాలుగా మాదిగలది. రైతు పొలానికి నీరు తోడే మోటకు తోలుసంచి వారే కుట్టారు. ఎద్దు మెడపట్టెడ, చెప్పులు, డప్పు అన్నీ వారి చేతిమీదుగానే వచ్చాయి. ఏ చెక్క ఎంత వేయాలో, చర్మం ఎన్నాళ్లు నానాలో వారికి చేతివేళ్లే చెప్పేవి. ఇది రసాయనశాస్త్రమే. ఆ శాస్త్రం వల్ల ఊరంతా బతికింది. కాని ఊరు ఆ శాస్త్రజ్ఞులను ఊరిబయట ఉంచి అంటరానివారన్నది. మోటనీళ్లతో పండిన అన్నానికి లేని మైల ఆ మోట కుట్టిన చేతికి ఎలా వచ్చింది? పాత తోలువస్తువును చేతిలోకి తీసుకున్నప్పుడు మనం వేసుకోవలసిన మొదటి ప్రశ్న ఇది.

లండన్‌లో వచ్చిన తీర్పు

పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రేవునుంచి సగం పదునైన తోళ్లు ఇంగ్లండుకు పెద్దఎత్తున ఎగుమతి అయ్యేవి. అక్కడ వాటికి రంగు, మెరుపు అద్ది చెప్పులు, సంచులు, పుస్తకాల అట్టలు చేసేవారు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో సైనికుల బూట్లకోసం బ్రిటిష్ ప్రభుత్వం మద్రాసు తోళ్లను పెద్దమొత్తంలో కొన్నది.

అయితే అప్పటికే ఈ తోలుమీద ఒక ఫిర్యాదు ఉంది. గ్రంథాలయాల్లోని తోలు అట్టలు ఎర్రగా పొడిరాలిపోతున్నాయి. కారణం తెలుసుకోవడానికి లండన్‌లోని కళల సంఘం ఒక కమిటీ వేసింది. 1905లో వెలువడిన నివేదిక భారతీయ గొర్రె, మేక తోళ్లను పుస్తకాల అట్టలకు బొత్తిగా పనికిరానివిగా తేల్చింది. వెలుతురులోను, గ్యాస్‌దీపాల గాలిలోను ఉంచిన ఆ అట్టలు అయిదారు ఏళ్లకు మించి నిలవవని అభిప్రాయపడింది. సుమాక్ ఆకుతో పదునుచేసిన తోలు మేలన్నది.

ఈ తీర్పులో శాస్త్రం ఉంది. టానిన్లు ప్రధానంగా రెండు రకాలు. కరక్కాయ, సుమాక్ టానిన్లు ఒక రకం. తంగేడు, వాటిల్ టానిన్లు రెండో రకం. రెండో రకంతో చేసిన తోలు గట్టిగా, నిండుగా ఉంటుంది, కాని గాలిలోని ఆమ్లాన్ని తట్టుకోలేదు. అంటే ఆ తోలు చేసినవారి పనిలో లోపం ఏమీ లేదు. చెప్పుకూ మోటకూ తగిన తోలును, గ్యాస్‌దీపం మండే గదిలో వంద సంవత్సరాలు నిలవాలని కోరడంలోనే ఇబ్బంది ఉంది.

గ్యాస్‌దీపాన్ని మొదట అనుమానించినవాడు మైకేల్ ఫారడే. లండన్‌లోని అథీనియం క్లబ్బులో తోలుకుర్చీలు పాడవడం చూసి, దీపాల పొగలోని గంధకమే కారణమని 1843లోనే ఆయన సూచించాడు. నేలబొగ్గు మండితే అందులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా మారుతుంది. తోలు దాన్ని పీల్చుకుంటుంది. తేమతో కలిసి అది క్రమంగా గంధకికామ్లంగా మారి కొలాజెన్ పోగులను తుంచివేస్తుంది. అలా తెగిన పోగులే మన వేళ్లకంటిన ఎర్రపొడి. దీన్ని ఎర్రకుళ్లు అందాం.

ఇప్పుడు సిద్ధగోరాకు తిరిగి రండి. ఉక్కు అంటేనే నేలబొగ్గు. కర్మాగారంలో బొగ్గు, రైలింజన్లో బొగ్గు, వంటింటి కుంపటిలో బొగ్గు. నాయనమ్మ చేతికి ఆ సంచిని కొనిచ్చింది బొగ్గు ఇచ్చిన జీతమే. అలాంటి సంచికి శత్రువైనదీ ఆ బొగ్గుపొగే.

క్రోమ్ తోలు, నాయుడమ్మ

1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ క్రోమియం లవణాలతో తోలును పదునుచేసే పద్ధతికి పేటెంటు పొందాడు. వారాల పని రోజుల్లోకి వచ్చింది. 1903 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసులో ఈ పద్ధతిని ప్రవేశపెట్టాడు. నీళ్లలో నానినా చెడని తోలుతో మోటసంచులు చేయించాలన్నది ఆయన ఆలోచనల్లో ఒకటి. క్రోమ్ తోలు మరుగునీళ్ల వేడిని కూడా తట్టుకుంటుంది. చెక్కతో పదునుచేసిన తోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 75 నుంచి 85 డిగ్రీల దగ్గరే ముడుచుకుపోతుంది. పాతబడి ఎర్రకుళ్లు పట్టిన తోలు ఇంకా తక్కువ వేడికే ముడుచుకుంటుంది. ఎండలో పెట్టవద్దనడానికి కారణం ఇదే.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో, మద్రాసులో కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది. గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ 1958లో దానికి డైరెక్టరయ్యారు. కాశీ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలోను చదివిన ఈ తెలుగు శాస్త్రవేత్త తోలు పరిశ్రమను ప్రయోగశాలతో కలిపారు. చదువుకున్నవారు ముక్కు మూసుకునే వృత్తిని శాస్త్రంగా నిలబెట్టి, విద్యార్థులు గర్వంగా చదివే విషయంగా మార్చారు. 1971లో ఆయన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో మరణించారు.

1972లో సీతారామయ్య కమిటీ, పచ్చి చర్మాలు, సగం పదునైన తోళ్ల ఎగుమతిని తగ్గించి, పూర్తిగా తయారైన వస్తువులను ఎగుమతి చేయాలని సూచించింది. మరుసటి సంవత్సరం నుంచి ఆంక్షలు వచ్చాయి. అప్పటినుంచి దేశంలో చెప్పులు, సంచులు, కోట్ల తయారీ పుంజుకుంది. అందువల్ల ఆ తరువాతి కాలపు సంచుల్లో క్రోమ్ తోలు ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ప్రగతికీ మూల్యం ఉంది. తోలు కర్మాగారాల మురుగు నదులను పాడుచేసింది. కలకత్తాలోని టాంగ్రా, తిల్జలా, తోప్సియా ప్రాంతాల్లో హక్కా చైనీయులు తదితరులు నడిపే అయిదువందలకు పైగా తోలు కర్మాగారాలను నగరం వెలుపలికి తరలించాలని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాటికి బంతలాలో స్థలం కేటాయించారు.

సంచి ఏ జాతిదో గుర్తించడం

మరమ్మతుకు ముందు మీరు తెలుసుకోవలసింది అది ఏ రకం తోలు అన్నది. కోసిన అంచు చూడండి. లోపలంతా గోధుమరంగు ఉంటే చెక్కతో పదునుచేసినది కావచ్చు. నీలి బూడిదరంగు కనిపిస్తే క్రోమ్ తోలు కావచ్చు. ఇంకో పరీక్ష ఉంది. ఇనుప మేకును రెండు రోజులు వెనిగర్‌లో నానబెట్టండి. సంచి లోపలి అంచునుంచి రాలిన ఒక పోగును తీసి, దాని మీద ఆ ద్రవం ఒక చుక్క వేయండి. నల్లబడితే అందులో చెట్టు టానిన్ ఉన్నట్లు. వెనుకటికి కరక్కాయను, ఇనుమును కలిపి సిరా చేసింది ఈ సూత్రంతోనే. ఈ పరీక్ష సంచిమీద నేరుగా ఎన్నడూ చేయవద్దు, మచ్చ పోదు. బకిల్ తుప్పు పట్టినచోట తోలు నల్లబడటానికీ ఇదే కారణం.

తరువాత ఎర్రకుళ్లు ఉందో లేదో చూడండి. తెల్లని నూలుగుడ్డతో మెల్లగా తాకండి. ఎర్రపొడి అంటితే, వంచినచోట పైపొర పగిలి రాలితే, అది ఎర్రకుళ్లే. తోలు గట్టిగా ఉన్నా పొడి రాలకపోతే అది కేవలం ఎండిపోయింది. ఈ రెండింటికీ చికిత్సలు వేరు.

బాగుచేయడం

ముందుగా దుమ్ము. మెత్తని కుంచెతో, కుట్లలోనుంచి బయటికి దులపండి. ఛోటానాగపూర్ వర్షాకాలంలో గాలిలో తేమ 65, 70 శాతం దాటితే బూజు పడుతుంది. బూజుపట్టిన సంచిని ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఇంటి బయట, నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టి దులపండి. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే బూజు తోలులోకి ఇంకుతుంది.

పొడి రాలని గట్టి తోలయితే, పిండిన గుడ్డతో తేలికగా తుడవవచ్చు. శాంతినికేతన్ సంచుల రంగులు నీటికి కదలవచ్చు. కాబట్టి ముందు కనిపించని మూల పరీక్షించండి. రంగు గుడ్డకు అంటితే అంతటితో ఆపండి.

ఆ తరువాతే నూనె. నూనె తోలుకు ఆహారమని చాలామంది నమ్మకం. తోలు ప్రాణంలేని వస్తువు, అది తినదు. నూనె పోగుల మధ్య రాపిడి తగ్గిస్తుంది, అంతే. ఎండిపోయిన గట్టి తోలుకు లానోలిన్ లేదా పశువుల కాళ్ల ఎముకలనుంచి తీసే నూనె చాలా కొద్దిగా, గుడ్డమీద వేసుకుని పట్టించి, ఒక రోజు ఆగి, మిగిలింది తుడిచేయండి. ఎక్కువైతే తోలు నల్లబడుతుంది, జిగటపడుతుంది, దుమ్మును పురుగును పిలుస్తుంది. ఒకప్పుడు లానోలిన్, తేనెమైనం, దేవదారు నూనె కలిపి బ్రిటిష్ మ్యూజియం వాడిన లేపనం ప్రపంచమంతటా పేరు పొందింది. తరువాతి అనుభవంతో సంరక్షకులు అలా క్రమం తప్పక నూనె పూయడం మానుకున్నారు. ఇక కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది. జంషెడ్‌పూర్ చలికాలంలో అది తోలుమీద తెల్లని పొరగా పైకి తేలవచ్చు, కాలక్రమాన మక్కవాసన కూడా వస్తుంది.

ఎర్రకుళ్లు పట్టిన తోలుకు మాత్రం ఏ నూనే మందు కాదు. తెగిన పోగును నూనె అతకలేదు. నీళ్లు తగిలితే ఆ తోలు నల్లబడి బిగుసుకుంటుంది. సంరక్షకులు హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే పొడిని ఆల్కహాల్‌లో కరిగించి పలుచగా పూస్తారు. అది పొడిని పట్టి ఉంచుతుంది, తోలును మళ్లీ కొత్తది చేయదు. అలాంటి సంచిని భుజాన వేసుకుని తిరిగే ఆశ వదులుకోవాలి. దాన్ని దాచుకోవాలి.

తెగిన పిడి సంగతి. తోలు గట్టిగా ఉంటేనే కుట్టించండి. కొత్త రంధ్రాలు పొడిస్తే తోలు ఆ గీత వెంట చిరుగుతుంది. పాత రంధ్రాలలోంచే మైనం పట్టించిన దారంతో, రెండు సూదులు ఎదురెదురుగా పోనిచ్చి కుట్టాలి. ఈ కుట్టులో ఒక పోగు తెగినా రెండోది పట్టుకుంటుంది. సాక్చి బజారులో కావచ్చు, మీ వీధి చివర కావచ్చు, ఆరె, రంపె ముందు పెట్టుకుని కూర్చున్న పనివానికి ఈ కుట్టు తెలిసే ఉంటుంది. ఆయనను అడగండి, పక్కన కూర్చుని చూడండి. బేరమాడే ముందు, యంత్రం చేయలేని పని అది అని గుర్తుంచుకోండి.

భద్రపరచేటప్పుడు సంచి ఆకారం పోకుండా లోపల ఉతికిన తెల్లని నూలుగుడ్డ కూరండి. వార్తాపత్రికలు వద్దు. వాటిలో ఆమ్లం ఉంటుంది, సిరా అంటుతుంది. ప్లాస్టిక్ కవరు తేమను బంధిస్తుంది, నూలు సంచిలో పెట్టండి. వర్షాకాలంలో నెలకొకసారి తీసి చూడండి.

చివరిగా

నాయనమ్మగారి సంచికి ఎర్రకుళ్లు పట్టింది. అది మళ్లీ బజారుకు వెళ్లదు. కాని పొడిని దులిపి, మెత్తని గుడ్డలో చుట్టి, నీడలో ఉంచితే ఇంకా చాలాకాలం ఉంటుంది. లోపలి అరలో ఒక చీటీ పెట్టండి. ఈ సంచి ఎవరిది, ఏ ఊరినుంచి ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు, మీకు తెలిసినంతవరకు రాయండి. మనుమరాలు దాన్ని తెరిచిననాడు ఆ చీటీ ఆమెకు తోలుకంటె విలువైనది అవుతుంది.

ఆ చీటీలో రాయలేని పేర్లు కూడా ఉన్నాయి. తంగేడు చెక్క దంచినవారు, లందలో చేతులు ముంచినవారు, అచ్చుగుద్ది అంచు అల్లినవారు. వారి పేర్లు మనకు దొరకవు. వారు చేసిన పని మాత్రం చేతికి తగులుతోంది. వస్తువును గౌరవించడం నేర్చుకున్న మనం, ఆ పని నేటికీ చేస్తున్నవారిని ఏ వరుసలో కూర్చోబెడుతున్నామో ఆలోచించుకోవాలి.

మీ ఇంట్లో ఇలాంటి పాత తోలువస్తువు ఏదైనా ఉంటే ఈ వారం బయటికి తీయండి. నూనెసీసా జోలికి పోకుండా, ముందు తెల్లని గుడ్డతో ఒకసారి తాకి చూడండి.